ఎప్పుడూ వెలిగే లైటు ఏమీ చెప్పదు

డాలస్ పక్కన ప్లేనోలో మా బాబాయ్ వాళ్ల ఇల్లు. వంటగది గట్టు మీద ఒక కార్డ్‌లెస్ ఫోన్ ఉంటుంది. బేస్ ఒకటి, హ్యాండ్‌సెట్లు మూడు. బేస్ మీద చిన్న ఎర్ర లైటు. ఆ లైటు మీద మా పిన్ని తన స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించింది. మెరూన్ రంగుది, కాస్త పెద్ద సైజు.

"ఏంటి పిన్నీ, ఫోన్‌కి బొట్టు పెట్టావు?" అని నవ్వాను.

"రాత్రిపూట మంచినీళ్లకి లేస్తే కళ్లలో పొడుస్తోందిరా. ఏడాదిన్నర నుంచి అలాగే వెలుగుతోంది. ఏం నొక్కినా ఆరదు," అంది.

హ్యాండ్‌సెట్ స్క్రీన్ మీద 'న్యూ వాయిస్ మెయిల్' అని ఉంది. బేస్‌లో ఉన్న ఆన్సరింగ్ మెషిన్ కౌంటర్ మాత్రం సున్నా చూపిస్తోంది. ఒకే ఫోన్, రెండు మాటలు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కదా, అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. గుంటూరులో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో మూడేళ్లు కోడ్ రాసి, ఆన్‌సైట్‌కి ఇక్కడికి వచ్చినవాణ్ణి. ల్యాండ్‌లైన్ అంటే చిన్నప్పుడు తాతయ్య ఇంట్లో తాళం వేసి ఉండే వస్తువు, అంతే. రెండు దోసెలు ఎక్కువ తిని వచ్చేశాను.

ఈ సైట్‌లో మనం కెమెరా సెన్సర్ల గురించీ, చార్జింగ్ వాట్ల గురించీ రోజూ మాట్లాడుకుంటాం. ఈసారి ఒక్క ఎల్‌ఈడీ గురించి మాట్లాడతాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

అసలు ఏం జరిగింది

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. బాబాయ్ మొహం తేడాగా ఉంది. పొద్దున పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చి ఎంతసేపటికీ ఆగలేదట. మోచేయి దగ్గర ఎక్కడా తగలకుండానే నల్లగా కమిలిపోయి ఉంది.

బాబాయ్‌కి గుండెలో వాల్వ్ మార్చారు. అప్పటి నుంచి వార్ఫరిన్ వేసుకుంటాడు, రక్తం గడ్డకట్టకుండా ఉండే మందు. దాని డోస్ అందరికీ ఒకేలా ఉండదు. కొన్ని వారాలకోసారి ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష చేసి, ఆ నంబర్ చూసి మాత్ర పెంచుతారు, తగ్గిస్తారు. నంబర్ తక్కువైతే రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఎక్కువైతే రక్తస్రావం ప్రమాదం.

"టెస్ట్ ఎప్పుడు చేయించావు బాబాయ్?"

"సోమవారం. తేడా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారు. చేయలేదంటే బాగున్నట్టేగా," అన్నాడు.

ఆ రోజు శనివారం. నాకు బొట్టుబిళ్ల గుర్తొచ్చింది.

క్లినిక్ వాళ్ల దగ్గర ఉన్న నంబర్ ఇంటి నంబరే. ఇరవై ఏళ్ల క్రితం ఫారంలో రాసింది. క్లినిక్‌కి ఒక యాప్ కూడా ఉంది, బాబాయ్ పాస్‌వర్డ్ ఎప్పుడో మర్చిపోయాడు. కాలర్ ఐడీలో మిస్డ్ కాల్స్ ఉన్నాయి, కానీ కారు వారంటీ అమ్మేవాళ్ల కాల్స్ మధ్యలో హాస్పిటల్ బోర్డు నంబర్ ఎవరు గుర్తుపడతారు? టెలిఫోన్ కంపెనీ వెబ్‌సైట్‌లోకి వెళ్లి వాయిస్ మెయిల్ పిన్ రీసెట్ చేయడానికి నాకు 20 నిమిషాలు పట్టింది. ఆ పిన్ అసలు ఎవరూ ఎప్పుడూ సెట్ చేసుకోలేదు. ఆ మెయిల్‌బాక్స్ ఉందనే ఇంట్లో ఎవరికీ తెలియదు.

లోపల 14 మెసేజ్‌లున్నాయి. వారంటీవాళ్లు, ఫార్మసీ, గుడి నుంచి అన్నదానం గురించి ఒకటి. చివర్లో క్లినిక్ నుంచి మూడు. మొదటిది మంగళవారం ఉదయం. "మీ ల్యాబ్ రిపోర్ట్ గురించి ఈరోజే మాకు ఫోన్ చేయండి." బుధవారం అదే మాట. శుక్రవారం గొంతులో కంగారు వినిపించింది. ప్రైవసీ వల్ల వాయిస్ మెయిల్‌లో రిజల్ట్ చెప్పరు, కాల్ చేయమని మాత్రమే అంటారు.

వెంటనే ఆన్‌కాల్ నర్స్‌కి ఫోన్ చేశాం. చిగుళ్ల నుంచి రక్తం అనగానే ఎమర్జెన్సీకి వెళ్లమంది. ఆ రాత్రంతా అక్కడే ఉన్నాం. మర్నాడు మధ్యాహ్నానికి బాబాయ్ ఇంటికొచ్చాడు, ఇప్పుడు బాగున్నాడు. కానీ మంగళవారం నుంచి శనివారం దాకా రోజూ రాత్రి అదే మాత్ర వేసుకున్నాడు. ఆపమని చెప్పే మెసేజ్ వచ్చి ఉంది. మెసేజ్ వచ్చిందని చెప్పే లైటు వెలుగుతూనే ఉంది. దాని మీద బొట్టుబిళ్ల ఉంది.

పిన్ని ఇప్పటికీ తనని తానే తిట్టుకుంటోంది. నేను ఒప్పుకోను. ఏడాదిన్నరపాటు అబద్ధం చెప్పిన లైటు, చివరి ఐదు రోజులు నిజం చెప్పింది. 'నాన్నా, పులి' కథ మనందరికీ తెలుసు. ఆ కథలో తప్పు తండ్రిదని ఎవరూ అనరు.

ఆ లైటు ఎలా వెలుగుతుంది, ఎందుకు ఆరదు

ముందు ఒక సంగతి. ఇలాంటి ఇళ్లలో మెసేజ్ చేరే చోట్లు రెండు. ఒకటి ఫోన్ బేస్‌లోనే ఉండే ఆన్సరింగ్ మెషిన్. మెసేజ్ ఆ డబ్బాలోనే రికార్డ్ అవుతుంది, ప్లే నొక్కితే వినిపిస్తుంది. రెండోది టెలిఫోన్ కంపెనీ ఇచ్చే వాయిస్ మెయిల్. ఆ మెసేజ్ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, ఒక నంబర్‌కి డయల్ చేసి పిన్ కొట్టి వినాలి. ఫోన్‌లో రెంటికీ దాదాపు ఒకే రకం గుర్తు, ఒకే రకం లైటు. చాలామందికి రెండున్నాయని తెలియదు.

ఇప్పుడు రెండోదాని సంగతి చూద్దాం. మెసేజ్ ఎక్కడో సర్వర్‌లో ఉంటే, వంటగదిలో లైటుకి ఎలా తెలుస్తుంది? పాత రాగి తీగ మీద రెండు పద్ధతులున్నాయి.

మొదటిది, డయల్ టోన్. కొత్త మెసేజ్ ఉంటే కంపెనీ మామూలు డయల్ టోన్ ముందు కాసేపు తెగి తెగి వచ్చే టోన్ పంపుతుంది. కొన్ని ఫోన్లు ఎవరూ తీయకపోయినా తామే లైన్ తెరిచి ఆ టోన్ విని, ఉందో లేదో తేల్చుకుంటాయి.

రెండోది, సిగ్నల్. కాలర్ ఐడీకి వాడే ఎఫ్‌ఎస్‌కే పద్ధతిలోనే, బెల్ మోగించకుండా కంపెనీ ఒక చిన్న డేటా సందేశం పంపుతుంది. ఉంది, లేదు, అంతే. ఎన్ని ఉన్నాయి, ఎవరి నుంచి, ఎప్పుడు అనేవి సాధారణంగా ఉండవు. 'ఉంది' అని వస్తే బేస్ లైటు వెలిగిస్తుంది. 'లేదు' అని వస్తే ఆర్పుతుంది.

కోడ్ రాసేవాళ్లకి ఇక్కడే విషయం అర్థమైపోయి ఉంటుంది. వెలిగించడానికి ఒక ఈవెంట్, ఆర్పడానికి ఇంకో ఈవెంట్. మధ్యలో రెండో ఈవెంట్ పోతే? బేస్ తన దగ్గరున్న పాత మాటనే పట్టుకుని కూర్చుంటుంది. ఆ మాటకి గడువు లేదు. "ఇది ఇంకా నిజమేనా?" అని అడిగే దారీ దానికి లేదు.

బాబాయ్ ఇంట్లో జరిగింది, నాకు అర్థమైనంతలో, ఇదే. ఏడాదిన్నర క్రితం పాత రాగి లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోన్‌కి మారారు. నంబర్ అదే, కంపెనీ వేరు. మారే రోజుకి పాత మెయిల్‌బాక్స్‌లో ఏదో ఒక మెసేజ్ ఉండి ఉంటుంది, లైటు వెలిగి ఉంది. 'లేదు' అని చెప్పాల్సిన కంపెనీకీ ఈ ఇంటికీ మధ్య తీగే లేకుండా పోయింది. కొత్త కంపెనీ ప్లాన్‌తో పాటు కొత్త మెయిల్‌బాక్స్ ఉచితంగా ఇచ్చింది, దాని గురించి స్వాగతం ఈమెయిల్‌లో ఎక్కడో ఒక లైన్ ఉంది. ఎవరు చదువుతారు?

ఇంటర్నెట్ ఫోన్ల ప్రపంచంలో ఈ సమస్యకి మెరుగైన పరిష్కారం ఎప్పుడో వచ్చింది. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3842 చూడండి. అందులో ఫోన్ సర్వర్‌కి సబ్‌స్క్రయిబ్ అవుతుంది, ఆ సబ్‌స్క్రిప్షన్‌కి గడువుంటుంది, గడువు తీరేలోపు మళ్లీ రిన్యూ చేసుకోవాలి. అలా చేసినప్పుడల్లా సర్వర్ తాజా స్థితి పంపుతుంది, కొత్తవి ఎన్ని, పాతవి ఎన్ని అన్న లెక్క కూడా ఇవ్వగలదు. అంటే ఒక మాట తప్పిపోయినా కాసేపటికి తనే సరిపడుతుంది. కానీ ఇంట్లో అడాప్టర్ దగ్గర ఆ లెక్కంతా ఆగిపోతుంది. అక్కడి నుంచి కార్డ్‌లెస్ బేస్ దాకా మళ్లీ పాత పద్ధతే, ఉంది, లేదు.

రింగుల లెక్క

మరి బేస్‌లో ఆన్సరింగ్ మెషిన్ ఉంది కదా, క్లినిక్ మెసేజ్ అందులో ఎందుకు పడలేదు?

అమెరికాలో ఒక రింగ్ అంటే 2 సెకన్ల మోత, 4 సెకన్ల నిశ్శబ్దం. మొత్తం 6 సెకన్లు. కొత్త కంపెనీ వాయిస్ మెయిల్ 4 రింగులకి, అంటే సుమారు 24 సెకన్లకి కాల్ అందుకుంటుంది. మెషిన్‌ని బాబాయ్ 6 రింగులకి పెట్టాడు, అంటే 36 సెకన్లు. ఎందుకంటే పిన్ని పెరట్లో గోంగూర మళ్ల దగ్గర ఉంటే, చేతులు కడుక్కుని లోపలికి రావడానికి ఆ మాత్రం టైం పడుతుంది.

అంతే. పిన్ని కోసం పెంచిన 12 సెకన్ల వల్ల ఏడాదిన్నరగా మెషిన్‌కి ఒక్క కాల్ కూడా చేరలేదు. కౌంటర్ సున్నా చూపించింది, అది నిజమే. "మెసేజ్‌లేం లేవు" అని వీళ్లు నమ్మారు, అది మాత్రం నిజం కాదు.

నేను ఏం మార్చాను

మీ వాళ్లెవరింట్లోనైనా ఇలాంటి ఫోన్ ఉంటే ఇది పనికొస్తుంది. వరుస ముఖ్యం.

మొదట, లైటు ఆర్పకండి. ముందు మెయిల్‌బాక్స్ ఖాళీ చేయండి. కంపెనీ ఇచ్చిన నంబర్‌కి (కొన్ని కంపెనీల్లో *98) ఇంటి ఫోన్ నుంచే డయల్ చేసి అన్నీ వినండి. వినకుండా లైటు ఆర్పేస్తే మెసేజ్ ఉందన్న ఒక్క సాక్ష్యం కూడా పోతుంది.

రెండు, విన్నాక కూడా ఆరకపోతే అప్పుడు చేత్తో ఆర్పండి. పానాసోనిక్ కార్డ్‌లెస్ మోడళ్లు చాలావాటిలో హ్యాండ్‌సెట్ మీద # బటన్‌ని బీప్ వచ్చేదాకా నొక్కి పట్టుకుంటే చాలు. వీటెక్ ఫోన్లలో, ఏటీ అండ్ టీ బ్రాండ్ కార్డ్‌లెస్‌లలో సెట్టింగ్స్‌లో 'క్లియర్ వాయిస్ మెయిల్' అనే ఆప్షన్ ఉంటుంది. ఇది గుర్తుని మాత్రమే తీసేస్తుంది, మెసేజ్‌లు చెరిగిపోవు. పేరు చూసి భయపడకండి.

మూడు, కంపెనీ వాయిస్ మెయిల్ అసలు వాడనివాళ్లు ఆ టోన్ వినే సెట్టింగ్‌ని ఆఫ్ చేయండి. కొన్ని పానాసోనిక్ మోడళ్లలో 'వీఎం టోన్ డిటెక్ట్' అని ఉంటుంది. లేకపోతే ఫోన్ ఏదో ఒక టోన్‌ని తప్పుగా అర్థం చేసుకుని మళ్లీ లైటు వెలిగిస్తుంది.

నాలుగు, రెండు పెట్టెల్లో ఏది ముందో మీరే తేల్చండి. బాబాయ్ ఇంట్లో నేను మెషిన్‌కే ఓటేశాను. కారణం సింపుల్: మెసేజ్, లైటు ఒకే డబ్బాలో ఉంటాయి. మధ్యలో ఏ సందేశమూ తప్పిపోదు, కాబట్టి లైటు అబద్ధం చెప్పే అవకాశం చాలా తక్కువ. పిన్ అక్కర్లేదు. కౌంటర్ 2 అంటే రెండు. పెద్దవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? మెషిన్‌ని 4 రింగులకి తగ్గించి, కంపెనీ వాయిస్ మెయిల్‌ని 6 రింగుల పైకి పెంచాను. ఒక హ్యాండ్‌సెట్ వెనక తలుపు పక్కన పెట్టాను, గోంగూర మళ్లకి పది అడుగులు.

కంపెనీ వాయిస్ మెయిల్‌ని పూర్తిగా తీసేయలేదు. లైన్ బిజీగా ఉన్నా, కరెంటు పోయినా మెషిన్ పనిచేయదు, అప్పుడు కంపెనీదే దిక్కు. అందులో పడే ప్రతి మెసేజ్ ఆడియో ఫైల్‌గా బాబాయ్‌కీ పిన్నికీ ఈమెయిల్ అయ్యేలా సెట్ చేశాను.

చివరిగా, నా మొబైల్ నుంచి కాల్ చేసి మెసేజ్ పెట్టి, లైటు వెలగడం, విన్నాక ఆరడం రెండూ చూశాను. వెలగడం అందరూ చూస్తారు. ఆరడం కూడా చూడండి.

ల్యాండ్‌లైన్ తీసేయొచ్చు కదా?

ఆఫీసులో ఈ కథ చెబితే మా టీమ్‌లో ఒకడు అదే అన్నాడు. "2022కే ఇక్కడ పెద్దవాళ్లలో 70 శాతానికి పైగా ల్యాండ్‌లైన్ లేని ఇళ్లలో ఉన్నారు బ్రో. చచ్చిపోయిన టెక్నాలజీ, దీని మీద ఆర్టికల్ ఎందుకు?"

మాట నిజమే. కానీ మిగిలినవాళ్లు ఎవరు? ఎక్కువగా వయసు మళ్లినవాళ్లు. డాక్టర్ దగ్గర నుంచి, ఇన్సూరెన్స్ నుంచి ముఖ్యమైన కాల్స్ వచ్చేది వాళ్లకే. ఆ నంబర్ ఇరవై ఏళ్లుగా ఎన్ని ఫారాల్లో ఉందో లెక్కపెట్టలేం. నంబర్ తీసేయడం అంటే ఆ ఫారాలన్నీ మార్చడం. ఒక్కటి మర్చిపోయినా మళ్లీ అదే కథ. క్లినిక్‌లో మొబైల్ నంబర్ ఇప్పించాను, కానీ ల్యాండ్‌లైన్ తీయించలేదు.

మన ఊళ్లలో వాయిస్ మెయిల్ అలవాటు ఎప్పుడూ రాలేదు. మనకి మిస్డ్ కాలే మెసేజ్. "మిస్డ్ కాల్ ఇవ్వు, నేనే చేస్తా" అనే భాషలో పెరిగాం. అందుకే అమెరికా వెళ్లిన మనవాళ్లు పాతికేళ్లున్నా వాయిస్ మెయిల్‌ని సవతి బిడ్డలా చూస్తారు. అక్కడి వ్యవస్థ మాత్రం మెసేజ్ పెట్టామంటే చెప్పినట్టే అనుకుంటుంది. ఈ రెండు అలవాట్ల మధ్య ఖాళీలో పడిపోయేది మన అమ్మానాన్నలు, బాబాయ్ పిన్నులు.

మన కోడ్‌లోనూ ఇదే లైటు

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి.

నేను పనిచేసే యాప్‌లో ఐకాన్ మీద ఎర్ర చుక్క ఒకటి ఉంది. కొందరి ఫోన్లలో లోపల ఏమీ లేకపోయినా '1' అని చూపిస్తూనే ఉంటుంది. వేరే డివైస్‌లో చదివేసిన సమాచారం ఈ ఫోన్‌కి చేరదు. దాని మీద బగ్ టికెట్ వచ్చింది. నా పేరు మీదే. నేను 'చిన్న విషయం, లోపల డేటా కరెక్టే' అని రాసి, ప్రయారిటీ తగ్గించి పక్కన పడేశాను. అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను.

ఇప్పుడు అనుకోను. లేని మెసేజ్‌కి వెలిగే ప్రతి చుక్కా, ఉన్న మెసేజ్‌ని చూడకుండా మనిషికి ట్రైనింగ్ ఇస్తుంది. తప్పుగా వెలిగే అలర్ట్ కంటే అలర్ట్ లేకపోవడమే నయం. ఆ లైటే లేకపోయుంటే బాబాయ్ శుక్రవారం దాకా ఆగకుండా తనే క్లినిక్‌కి ఫోన్ చేసేవాడేమో. ఎప్పుడూ వెలిగే లైటు, కౌంటర్‌లో సున్నా, రెండూ కలిసి "ఏమీ లేదు" అని నమ్మించాయి. సోమవారం ఆఫీసుకి వెళ్లి ఆ టికెట్ మళ్లీ తెరిచాను. సర్వర్ నుంచి అసలు లెక్కని కొంత టైంకోసారి తెచ్చుకునేలా మార్చాం. రెండు రోజుల పని. ఏడు నెలలు పక్కన పెట్టాను.

మన రివ్యూయర్లకీ ఒక విన్నపం. కార్డ్‌లెస్ ఫోన్ కావచ్చు, వాచ్ కావచ్చు, డోర్‌బెల్ కావచ్చు. రేంజ్, బ్యాటరీ, సౌండ్ చూస్తారు, సంతోషం. ఇకనుంచి ఇంకో టెస్ట్ పెట్టండి: ఇందులో అలర్ట్ ఎలా ఆరుతుంది? ఇంకో చోట చదివితే ఇక్కడ ఆరుతుందా? తప్పుగా వెలిగితే యూజర్ ఒక్క బటన్‌తో సరిచేసుకోగలడా? మాన్యువల్‌లో 40వ పేజీలో కాకుండా స్క్రీన్ మీదే ఆ దారి ఉందా? వీటికి జవాబు లేని గ్యాడ్జెట్‌కి నేనైతే ఒక స్టార్ తగ్గిస్తాను.

పోయిన ఆదివారం వెళ్లినప్పుడు పిన్ని బొట్టుబిళ్ల తీసేసింది. జిగురు మరక ఉంది కానీ లైటు ఆరి ఉంది. నేను భోజనం చేస్తుండగా అది వెలిగింది. పిన్ని గరిటె పక్కన పెట్టి, వెళ్లి ప్లే నొక్కింది. ఫార్మసీ నుంచి, మందులు రెడీ అని. లైటు ఆరింది.

ఈ వీకెండ్ మీ వాళ్లతో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఇంట్లో ఎప్పుడూ వెలిగే లైటు ఏదైనా ఉందా?" ఉందంటే, కెమెరా దాని వైపు తిప్పమనండి.